నంబర్ రాస్తే చాలదు, చేరిందో లేదో చూడాలి: వెబ్ పేజీలో ఆడియో, వీడియోలను కోడ్‌తో జరపడం

(వెబ్ డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తెరమీద చూపిన కోడ్‌ను వక్త ఎలా చదివి చెప్పారో అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఫోన్లో క్లాసు వీడియోలు చూసి చదువుకున్నారు? సరే, దాదాపు అందరూ. గంట వీడియోలో నలభై నిమిషాలు చూశాక ఎవరో ఫోన్ చేస్తే, మాట్లాడి వచ్చేసరికి వీడియో మళ్లీ మొదటికి పోయిన అనుభవం ఎంతమందికి ఉంది? చూశారా, అవే చేతులు లేచాయి. అప్పుడేం చేస్తాం? వేలితో ఆ గీతను పట్టుకుని లాగుతాం. ఇక్కడే కదా ఆపింది, కాదు, ఇంకొంచెం ముందు, కాదు, వెనక్కి. అలా లాగిన ప్రతిసారీ చక్రం తిరుగుతూ ఉంటుంది, డేటా ఖర్చవుతూ ఉంటుంది. రోజుకు ఇంతే డేటా అని లెక్కపెట్టుకుని చదువుకునే పిల్లలకు ఇది చిన్న సమస్య కాదు. ఆ పిల్లలు చూసే పేజీలు రాసేది మనమే. అందుకే ఈ విషయం మాట్లాడదామని వచ్చాను.

చెప్పదలచుకున్న మాట ఒక్కటే, ముందే చెప్పేస్తాను. వీడియోను ఫలానా సెకనుకు వెళ్లమని కోడ్ రాసినప్పుడు అది అక్కడికి వెళ్లిపోయినట్టు కాదు. వెళ్లమని అడిగాం, అంతే. వెళ్లగలదా, వెళ్లిందా, ఎంత దగ్గరగా వెళ్లింది అనేవి వేరే ప్రశ్నలు. వాటికి జవాబు మన లైనులో ఉండదు. ఫైల్లో ఉంటుంది, సర్వర్లో ఉంటుంది, బ్రౌజర్ పంపే ఈవెంట్లలో, అంటే ఫలానాది జరిగింది అని అది పంపే కబుర్లలో ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా అంతా దాని వెనకే వస్తుంది.

సులువైన భాగం త్వరగా చెప్పేస్తాను. పేజీలో వీడియో ట్యాగ్ పెట్టినా ఆడియో ట్యాగ్ పెట్టినా, జావాస్క్రిప్ట్ వైపు నుంచి రెండూ ఒకటే. హెచ్‌టీఎంఎల్ మీడియా ఎలిమెంట్ అనే ఇంటర్‌ఫేస్ నుంచే రెండూ వచ్చాయి. కాబట్టి నేను వీడియో అన్నచోటల్లా మీరు ఆడియో అని కూడా రాసుకోవచ్చు. ఒకప్పుడు దీనికి ఫ్లాష్ ప్లగిన్ కావాల్సి వచ్చేది. హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం 2014 అక్టోబరులో ఖరారైంది. 2020 చివరితో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ఆపేసింది. ఇప్పుడు పని అంతా బ్రౌజర్‌దే.

తెరమీద చూడండి. వెనక కూర్చున్నవాళ్లకు కనిపిస్తోందా? కనిపించకపోతే నేను చదువుతాను. వీడియో డాట్ కరెంట్‌టైమ్ ఈక్వల్ టు 90. అంతే. తొంభయ్యో సెకనుకు వెళ్లు. కరెంట్‌టైమ్‌లో టీ పెద్దక్షరం, మర్చిపోకండి. చిన్నక్షరం రాస్తే జావాస్క్రిప్ట్ ఏ ఎర్రరూ ఇవ్వదు, ఏ పనీ చేయదు. విలువ సెకన్లలో ఉంటుంది, దశాంశం కూడా ఇవ్వొచ్చు. 90.5 అంటే తొంభైన్నర. పది సెకన్లు వెనక్కి వెళ్లాలంటే, వీడియో డాట్ కరెంట్‌టైమ్ మైనస్ ఈక్వల్స్ 10. సున్నా కంటే కిందికి వెళ్తే బ్రౌజరే సున్నా దగ్గర ఆపుతుంది.

ఇప్పుడు కన్సోల్ తెరిచి ఒక పని చేస్తాను, జాగ్రత్తగా చూడండి. నెట్‌వర్క్‌ను కావాలనే నెమ్మది చేశాను. కరెంట్‌టైమ్‌కు 90 ఇచ్చాను. మరుసటి లైనులోనే, నువ్వెక్కడున్నావు అని అడిగాను. ఏం చెప్పింది? 90 అని చెప్పింది. మరి తెరమీద? పాత బొమ్మే ఉంది. ఇంకా డేటానే రాలేదు. 90 అని ఎలా చెప్పింది? ఎందుకంటే స్పెసిఫికేషన్, అంటే బ్రౌజర్లు పాటించాల్సిన నియమావళి, అలాగే చెయ్యమంటుంది. మనం రాసిన నంబరును వెంటనే ఒప్పేసుకుని, అసలు పని వెనక మొదలుపెడుతుంది. కాబట్టి కరెంట్‌టైమ్ చదివి, ఆహా చేరిపోయింది అనుకోకూడదు. చేరే దారిలో ఉందో లేదో చెప్పేది సీకింగ్ అనే ఇంకో ప్రాపర్టీ. అది ట్రూ అంటే ఇంకా వెతుకుతోంది. ఫాల్స్ అయితే పని అయింది. ఈవెంట్లు కూడా రెండున్నాయి. బయలుదేరేటప్పుడు సీకింగ్ వస్తుంది, చేరాక సీక్డ్ వస్తుంది. చక్రం చూపించడం సీకింగ్‌లో, తీసేయడం సీక్డ్‌లో. ఆ చోటి ఫ్రేమును, అంటే ఆ క్షణపు బొమ్మను, క్యాన్వాస్ మీదికి (పేజీలో కోడ్‌తో బొమ్మ గీసే చోటికి) తీసుకోవాలన్నా సీక్డ్ వచ్చాకే. కరెంట్‌టైమ్ రాసి మరుసటి లైనులో ఫ్రేమ్ తీస్తే పాత ఫ్రేమే వస్తుంది. థంబ్‌నెయిల్స్ అన్నీ ఒకేలా వస్తున్నాయండీ అని అడిగేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

ఇంకోటి. పేజీ తెరవగానే వీడియోకి తన నిడివి ఎంతో తెలియదు. డ్యూరేషన్ అడిగితే నాన్ అంటుంది, అంటే నంబరు కాదు అని. లోడెడ్‌మెటాడేటా అనే ఈవెంట్ వచ్చాకే నిడివి తెలుస్తుంది. అంతకు ముందే కరెంట్‌టైమ్ ఇస్తే ఏమవుతుంది? స్పెసిఫికేషన్ ప్రకారం దాన్ని మొదలుపెట్టాల్సిన చోటుగా గుర్తుపెట్టుకోవాలి. కానీ మీరు దానిమీద ఆధారపడకండి. వీడియో ఎంతవరకు సిద్ధమైందో చెప్పే రెడీస్టేట్ చూడండి. ఒకటి గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వెంటనే జరపండి, సున్నా అయితే లోడెడ్‌మెటాడేటా కోసం ఆగి జరపండి. నాలుగు లైన్ల ఫంక్షన్ రాసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ తలనొప్పి ఉండదు.

నా కోడ్ కరెక్టే, అయినా మొదటికి పోతోంది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కోడ్ సరిగ్గానే ఉంది. లోడెడ్‌మెటాడేటా కోసం ఆగారు. 1,800 అని ఇచ్చారు, అంటే అరగంట దగ్గరికి. అయినా వీడియో సున్నాకి పోయింది. మొదటి నుంచి ఆడుతోంది. ఎందుకు?

ఎక్కువసార్లు తప్పు మీ జావాస్క్రిప్ట్‌లో ఉండదు. సర్వర్లో ఉంటుంది. అరగంట దగ్గరికి వెళ్లాలంటే బ్రౌజర్ ఏం చేయాలి? మొత్తం ఫైలు దింపుకోకుండా, మధ్యలో ఆ ముక్క మాత్రమే అడగాలి. ఫలానా బైటు నుంచి ఇవ్వు అని రేంజ్ హెడర్‌తో అడుగుతుంది. సర్వర్ ఒప్పుకుంటే 206 అనే స్టేటస్‌తో ఆ ముక్క ఇస్తుంది. అర్థం కాని సర్వర్ ఏం చేస్తుంది? 200 అని చెప్పి ఫైలంతా మొదటి నుంచి పంపడం మొదలుపెడుతుంది. అప్పుడు బ్రౌజర్, ఇందులో మధ్యకు దూకడం కుదరదు అని తేల్చుకుంటుంది. ఎక్కడెక్కడికి వెళ్లగలదో చెప్పే సీకబుల్ అనే ప్రాపర్టీ చూడండి, అందులో సున్నా నుంచి సున్నా వరకు అని ఉంటుంది. మీరు 1,800 అడిగారు, వెళ్లగలిగేది సున్నా ఒక్కటే, కాబట్టి దగ్గరలో ఉన్న సున్నాకే తీసుకెళ్లింది. బ్రౌజర్ తన పని తాను సరిగ్గానే చేసింది.

సఫారీ ఇంకా ఖచ్చితంగా ఉంటుంది. ముందు రెండే రెండు బైట్లు అడిగి చూస్తుంది. దానికి సర్వర్ 206 ఇవ్వకపోతే అసలు ప్లే చేయడానికే ఒప్పుకోదు. క్రోమ్‌లో ఆడుతోంది, ఐఫోన్‌లో ఆడట్లేదు అంటే మొదట చూడాల్సింది ఇదే.

ఎలా చూడాలి? డెవలపర్ టూల్స్ తెరవండి, నెట్‌వర్క్ ట్యాబ్, ఆ వీడియో ఫైలు మీద నొక్కండి. స్టేటస్ 206 ఉందా? కంటెంట్ రేంజ్ హెడర్ ఉందా? ఉంటే మంచిది. లేకపోతే సర్వర్ చూసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ లాంటివి మామూలు ఫైళ్లకు ఇది తమంతట తామే చేస్తాయి. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, లాగిన్ ఉందో లేదో చూసి వీడియో ఇవ్వాలని మనమే పీహెచ్‌పీలోనో నోడ్‌లోనో చిన్న స్క్రిప్ట్ రాసి, ఫైలు చదివి పంపుతాం చూడండి, అక్కడ వస్తుంది. రేంజ్ హెడర్ చదవడం మనం రాయలేదు కాబట్టి అది పనిచేయదు. సర్వీస్ వర్కర్‌లో, అంటే పేజీకీ నెట్‌వర్క్‌కూ మధ్య నిలబడే మన స్క్రిప్టులో, క్యాష్ చేసిన వీడియోకి కూడా ఇదే గతి. క్యాష్‌లోంచి 200తో మొత్తం ఫైలు ఇస్తాం, బ్రౌజర్ అడిగింది ముక్క. ఆ ముక్క కోసి ఇచ్చే బాధ్యత మనదే.

సర్వర్ సరిగ్గా ఉంది. అయినా మొదట చాలాసేపు చక్రం తిరుగుతోంది. ఇప్పుడు ఫైలు సంగతి. ఎంపీ4 ఫైల్లో మూవ్ అనే భాగం ఒకటి ఉంటుంది, ఎమ్ ఓ ఓ వీ. ఏ ఫ్రేము ఏ బైటు దగ్గరుందో అంతా అందులోనే రాసి ఉంటుంది. పుస్తకానికి విషయసూచిక లాంటిది అనుకోండి. చిక్కేమిటంటే, రికార్డింగ్ పూర్తయితే తప్ప ఆ సూచిక తయారవదు. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ఫైలు చివర్లో రాసేస్తాయి. అప్పుడు బ్రౌజర్ మొదట్లో చూసి, అక్కడ లేదని చివరికి పరిగెత్తి, అది తెచ్చుకుని, అప్పుడు పని మొదలుపెట్టాలి. రేంజ్ లేని సర్వర్ అయితే ఫైలంతా దిగేదాకా మొదటి ఫ్రేము కూడా రాదు. దీనికి మందు చిన్నదే. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాధనంలో మూవ్‌ఫ్లాగ్స్ ఫాస్ట్‌స్టార్ట్ అని ఒక్క ఆప్షన్ ఇస్తే ఆ భాగాన్ని ముందుకు తెచ్చి పెడుతుంది. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సిన పని కూడా లేదు, కాపీ చేస్తూ చేసేయొచ్చు. దయచేసి ఇవాళ ఇంటికి వెళ్లి మీ సైట్లలో ఉన్న ఫైళ్లకు ఈ పని చేయండి.

తర్వాత కీఫ్రేములు. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదని మీకు తెలుసు. ఒక పూర్తి బొమ్మ, దాని తర్వాత మార్పులు మాత్రమే. పూర్తి బొమ్మే కీఫ్రేము. ఎక్స్264 అనే ఎన్‌కోడర్, అంటే వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్, మామూలు సెట్టింగులో రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా ఉండనిస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియో అయితే అది ఎన్ని సెకన్లు? అవును, పది సెకన్లు. సీన్ మారినప్పుడు మధ్యలో ఇంకో కీఫ్రేము పెడుతుందనుకోండి. కానీ మాస్టారు నిలబడి బోర్డు మీద రాస్తున్న వీడియోలో సీన్ ఎక్కడ మారుతుంది? మారదు. కాబట్టి క్లాసు వీడియోల్లో పది సెకన్ల ఎడం బాగా కనిపిస్తుంది. మీరు ఆ ఎడంలో తొమ్మిదో సెకను అడిగితే, డీకోడర్ వెనక్కి వెళ్లి కీఫ్రేము పట్టుకుని, అక్కడి నుంచి 225 ఫ్రేములు విప్పుకుంటూ వచ్చి, అప్పుడు మీకు బొమ్మ చూపించాలి. కొత్త ఫోన్లో తెలియదు. నాలుగైదేళ్ల నాటి చవక ఫోన్లో? తెలిసిపోతుంది. క్లాసు వీడియోలకు నేనైతే రెండు సెకన్లకు ఒక కీఫ్రేము పెట్టమంటాను. 25 ఫ్రేములకు అయితే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో జీ ఆప్షన్ 50. ఫైలు సైజు కొంత పెరుగుతుంది, అయినా మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి చూసే వీడియోకి అది దండగ కాదు.

ఫాస్ట్‌సీక్ అనే మెథడ్ ఉందని కొందరికి తెలిసే ఉంటుంది. ఖచ్చితంగా అక్కడికే వద్దు, దగ్గరలో త్వరగా చేరే చోటికి వెళ్లు అని చెప్పడానికి అది. ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో ఉంది, క్రోమ్‌లో లేదు. కాబట్టి ఉందో లేదో చూసి వాడుకోండి.

ఎంపీ3 గురించి ఒక్క మాట, ఎందుకంటే మన దగ్గర ప్రసంగాలు, ప్రవచనాలు, పాత రేడియో రికార్డింగులు అన్నీ ఎంపీ3లోనే ఉంటాయి. బిట్‌రేటు అంతటా ఒకటే అయితే లెక్క సులువు. 64 కిలోబిట్లు అంటే సెకనుకు 8,000 బైట్లు. గంటకు 28.8 మెగాబైట్లు. ఏ సెకను కావాలంటే దాన్ని 8,000తో గుణిస్తే బైటు తెలిసిపోతుంది. బిట్‌రేటు మారుతూ ఉండే ఎంపీ3 అయితే ఆ గుణకారం పనికిరాదు. అప్పుడు ఫైలు మొదట్లో ఉండే జింగ్ హెడర్‌లోని పట్టిక చూస్తారు. ఆ పట్టికలో ఎన్ని గుర్తులు ఉంటాయో తెలుసా? నిడివి ఎంతైనా 100 మాత్రమే. మూడు గంటల ప్రసంగం తీసుకోండి, 10,800 సెకన్లు. గుర్తుకూ గుర్తుకూ మధ్య 108 సెకన్లు, దాదాపు రెండు నిమిషాలు! మధ్యలో అంతా అంచనాయే. ప్లేయర్ ఒక సమయం చూపిస్తుంటే చెవికి ఇంకో చోటి మాట వినబడటం ఇందువల్లే. పొడవైన ఆడియోకి స్థిరమైన బిట్‌రేటు వాడండి, లేదా ఎంపీ4 కుటుంబంలోని ఎం4ఏ వాడండి. దాంట్లో సూచిక పూర్తిగా ఉంటుంది.

వేలికీ వీడియోకీ మధ్య

గీత లాగడం దగ్గరికి వద్దాం. ఇన్‌పుట్ టైప్ రేంజ్, అంటే వేలితో లాగే గీత, పెట్టాం. ఇన్‌పుట్ ఈవెంట్ వచ్చినప్పుడల్లా కరెంట్‌టైమ్ రాశాం. వేలు ఒకసారి అలా లాగితే ఎన్ని ఈవెంట్లు వస్తాయి? పదులకొద్దీ వస్తాయి. ప్రతిదానికీ ఒక కొత్త సీక్. పాత సీక్ పూర్తికాకుండానే బ్రౌజర్ దాన్ని వదిలేసి కొత్తది మొదలుపెడుతుంది. ఒక్క బొమ్మా కనిపించదు, నెట్‌వర్క్ మాత్రం అల్లాడిపోతుంది.

దీనికి నేను చెప్పే పద్ధతి ఇది. కావాల్సిన చోటు అని ఒక వేరియబుల్ పెట్టుకోండి. వేలు కదిలినప్పుడల్లా అందులో కొత్త నంబరు రాయండి, అంతే, వీడియోను కదపకండి. వీడియో ఇప్పుడు ఖాళీగా ఉందా, అంటే సీకింగ్ ఫాల్సా? అయితే ఆ నంబరు ఇచ్చి పంపండి. ట్రూ అయితే వదిలేయండి. సీక్డ్ ఈవెంట్ వచ్చినప్పుడు చూడండి, కావాల్సిన చోటు మారిందా? మారితే సరికొత్త నంబరుతో మళ్లీ పంపండి. మధ్యలోవి వద్దు. ఎప్పుడూ ఒక్క సీకే నడుస్తుంది, వేలు ఆగిన చోటికి చివరికి తప్పకుండా చేరుతుంది. చాలా పొదుపైన పద్ధతి. నెట్ మరీ నెమ్మదిగా ఉంటే లాగుతున్నంతసేపూ సమయం మాత్రం చూపించి, ఛేంజ్ ఈవెంట్ వచ్చాక, అంటే వేలు ఎత్తాక, ఒక్కసారే జరపండి. అదే మంచిది.

ఇంకొక తగువు ఉంది. వీడియో ఆడుతుంటే టైమ్‌అప్‌డేట్ ఈవెంట్‌తో గీతను మనమే ముందుకు జరుపుతుంటాం. అదే సమయంలో మనిషి వేలితో లాగుతున్నాడు. ఇద్దరూ ఒకే గీతను లాగితే అది అటూ ఇటూ ఎగురుతుంది. మనిషి పట్టుకున్నంతసేపు మన కోడ్ గీతను ముట్టుకోకూడదు. పాయింటర్‌డౌన్‌లో ఒక జెండా ట్రూ చేయండి, వదిలాక ఫాల్స్ చేయండి.

టైమ్‌అప్‌డేట్ అన్నాను కదా, అది ఎంత తరచుగా వస్తుంది? స్పెసిఫికేషన్ ప్రకారం 15 నుంచి 250 మిల్లీసెకన్లకు ఒకసారి. ఆచరణలో సెకనుకు నాలుగుసార్లు అనుకోండి. గీత జరపడానికి అది చాలు. కానీ ఖచ్చితత్వం కావాల్సిన చోట చాలదు. దానికి ఒక ఉదాహరణ చెబుతాను. కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇది మన పిల్లలకు నిజంగా పనికొచ్చేది.

పద్యం నేర్పే పేజీ చేస్తున్నాం అనుకోండి. ఒక ఆటవెలది పద్యం. ఎవరో చక్కగా రాగయుక్తంగా చదివిన ఆడియో ఉంది. తెరమీద నాలుగు పాదాలు. పిల్లవాడు రెండో పాదం మీద వేలు పెడితే రెండో పాదమే వినబడాలి, అక్కడే ఆగాలి. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. మొత్తం నిడివిని నాలుగుతో భాగిస్తే సరిపోతుందా? సరిపోదు. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. పాదాలే సమానం కావు. ఆపైన చదివేవారు ఎక్కడ రాగం తీస్తారో, ఎక్కడ ఊపిరి పీలుస్తారో ఎవరు చెప్పగలరు? కాబట్టి చెవితో విని ప్రతి పాదానికీ మొదలు, చివర రాసుకోవాల్సిందే. పాదం లైను మీద డేటా యాట్రిబ్యూట్లుగా పెట్టండి. డేటా స్టార్ట్ 6.2, డేటా ఎండ్ 10.9, ఇలా.

మొదలు సులువు. కరెంట్‌టైమ్‌కు 6.2 ఇవ్వండి, సీక్డ్ వచ్చాక ప్లే పిలవండి. ప్లే ఒక ప్రామిస్ ఇస్తుంది, అంటే ఫలితం తర్వాత చెబుతానన్న మాట; బ్రౌజర్ ఒప్పుకోకపోతే అది రిజెక్ట్ అవుతుంది, క్యాచ్ పెట్టండి. కష్టం ఆపడంలో ఉంది. టైమ్‌అప్‌డేట్‌లో 10.9 దాటిందా అని చూస్తే పావు సెకను ఆలస్యం కావొచ్చు. పావు సెకనులో ఏమవుతుంది? మూడో పాదం మొదటి అక్షరం వినబడిపోతుంది! పిల్లవాడు రెండో పాదం చివర ఆ అక్షరం కూడా కలిపి నేర్చుకుంటాడు. తర్వాత ఆ అలవాటు మాన్పించడం ఎంత కష్టమో పద్యాలు నేర్పే మాస్టార్లను అడగండి.

కాబట్టి ఆడుతున్నంతసేపు, తెర కొత్త బొమ్మ గీసే ప్రతిసారీ మన కోడ్‌ను పిలిచే రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్‌లో చూడండి. మామూలు తెరమీద అది సెకనుకు 60 సార్లు వస్తుంది. 10.9 కంటే ఎక్కువ లేదా సమానం అయితే పాజ్. ఎక్కువ లేదా సమానం అన్నాను, గమనించండి. సరిగ్గా 10.9కి సమానమా అని ఎప్పుడూ అడగకండి. దశాంశాలు అలా కచ్చితంగా కలవవు, పైగా కొన్ని బ్రౌజర్లు ప్రైవసీ కోసం ఆ విలువను కాస్త గుండ్రం చేసి ఇస్తాయి. వేరే ట్యాబ్‌లోకి వెళ్తే యానిమేషన్ ఫ్రేమ్ ఆగిపోతుంది, అందుకని టైమ్‌అప్‌డేట్ తనిఖీ కూడా ఉంచండి. అది ఆలస్యంగానైనా ఆపుతుంది.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే, ధ్వనిని కోడ్‌తో నడిపే వెబ్ ఆడియో బ్రౌజర్లోనే ఉంది. ఫైలును డీకోడ్ చేసి బఫర్‌లో పెట్టుకుని, స్టార్ట్ మెథడ్‌కు ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎంతసేపు అని మూడూ ఇస్తే అనుకున్న చోటే ఆగుతుంది. పద్యానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ దానికి మెమరీ లెక్క చూడండి. సెకనుకు 48,000 శాంపిళ్లు, రెండు చానళ్లు, ఒక్కో శాంపిల్‌కు 4 బైట్లు. నిమిషానికి 23 మెగాబైట్లు! మూడు గంటల ప్రసంగానికి నాలుగు గిగాబైట్లు దాటుతుంది. కాబట్టి చిన్న ముక్కలకు వెబ్ ఆడియో, పొడుగాటివాటికి ఆడియో ట్యాగే.

వీడియోలో ఫ్రేము ఫ్రేముగా జరపాలనుకునేవాళ్లు, అంటే నాట్యం నేర్పేవాళ్లు, క్రికెట్ బౌలింగ్ చూసేవాళ్లు, రిక్వెస్ట్ వీడియో ఫ్రేమ్ కాల్‌బ్యాక్ చూడండి. తెరమీద ఇప్పుడున్న ఫ్రేము అసలు సమయం మీడియాటైమ్‌లో ఇస్తుంది. 2024 అక్టోబరులో ఫైర్‌ఫాక్స్‌కు కూడా రావడంతో ఇప్పుడు పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉంది. ఫ్రేము మీదికి వెళ్లేటప్పుడు దాని మొదటి అంచుకు కాకుండా మధ్యకు గురిపెట్టండి. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 0.04 సెకన్లు కదా, దానికి 0.02 కలిపి ఇవ్వండి. లేకపోతే దశాంశాల తేడాతో ఒక్కోసారి ముందు ఫ్రేము వచ్చేస్తుంది.

ఆపిన చోటి నుంచి

మొదట్లో అడిగాను, ఫోన్ వచ్చి తిరిగొచ్చేసరికి మొదటికి పోవడం. దానికి ఇరవై లైన్ల కోడ్ చాలు, అయినా ఎన్ని సైట్లలో ఉండదో! లోకల్ స్టోరేజ్‌లో, అంటే బ్రౌజర్ మన కోసం దాచిపెట్టే చోట, వీడియో ఐడీ పేరుతో కరెంట్‌టైమ్ రాసి పెట్టండి. ఎప్పుడు రాయాలి? పాజ్ చేసినప్పుడు రాయండి. ఆడుతుంటే అయిదు సెకన్లకోసారి రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా విజిబిలిటీ ఛేంజ్ వచ్చి పేజీ కనబడకుండా పోయినప్పుడు రాయండి. అన్‌లోడ్ ఈవెంట్‌ను నమ్ముకోకండి. ఫోన్లో యాప్ మార్చాక వెనక పడ్డ పేజీని సిస్టమ్ ఎప్పుడు చంపేస్తుందో తెలియదు, అప్పుడు అన్‌లోడ్ వస్తుందన్న గ్యారంటీ లేదు.

తిరిగొచ్చినప్పుడు లోడెడ్‌మెటాడేటాలో ఆ నంబరు తీసుకుని, నాలుగైదు సెకన్లు తగ్గించి ఇవ్వండి. సరిగ్గా ఆపిన చోటే మొదలుపెడితే వాక్యం మధ్యలో పడతారు, ఏం చెబుతున్నారో అందదు. చివరిదాకా చూసేస్తే ఎండెడ్ ఈవెంట్‌లో ఆ నంబరు తీసేయండి, లేకపోతే మళ్లీ తెరిచినప్పుడు ముగింపులో తేలతారు. ఎవరైనా లింకులో సమయం పెట్టి పంపితే? వీడియో చిరునామా చివర హాష్ టీ ఈక్వల్స్ 120 అని పెట్టొచ్చు, మీడియా ఫ్రాగ్మెంట్స్ అని 2012లోనే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని ప్రమాణంగా ఖరారు చేసింది. 120 కామా 150 అంటే అక్కడి నుంచి ఇక్కడిదాకా. స్నేహితుడు ఫలానా చోటు చూడమని పంపాడు కాబట్టి లింకులో ఉన్న సమయానికే మొదటి గౌరవం, మనం దాచుకున్నదానికి తర్వాత.

చూపు లేనివారి గురించి. స్లైడర్ దగ్గరికి వస్తే, తెరమీది మాటలను పైకి చదివే స్క్రీన్ రీడర్ దాని విలువ చదువుతుంది. మీరు సెకన్లు పెట్టారు కాబట్టి 754 అని చదువుతుంది. 754 అంటే ఎవరికేం అర్థమవుతుంది? అది చదవాల్సిన మాటలు పెట్టే ఏరియా వాల్యూటెక్స్ట్‌లో 12 నిమిషాల 34 సెకన్లు అని తెలుగులోనే రాయండి. ఒక్క లైను. బాణం మీటలు నొక్కితే అయిదేసి సెకన్లు జరిగేలా స్టెప్ పెట్టండి. ఈ రెండూ లేకపోతే వాళ్లకు మీ ప్లేయర్ లేనట్టే.

అలాగే ఆడియో వింటూ ఫోన్ లాక్ చేసి జేబులో పెట్టుకుంటారు. లాక్ స్క్రీన్ మీద గీత, పది సెకన్ల బటన్లు రావాలంటే మీడియా సెషన్ వాడండి. సీక్ బ్యాక్‌వర్డ్, సీక్ ఫార్వర్డ్, సీక్ టూ, ఈ మూడింటికీ హ్యాండ్లర్లు ఇవ్వండి. సెట్ పొజిషన్ స్టేట్‌కు నిడివి, వేగం, ఉన్న చోటు ఇవ్వండి. నిడివి ఇంకా నాన్‌గా ఉన్నప్పుడు ఇస్తే ఎర్రర్ విసురుతుంది, ముందు చూసుకోండి.

నా వైపు నుంచి ఇంతే. ప్రశ్నలు అడగండి.

ఎవరో వెనక నుంచి అడుగుతున్నారు, బ్రౌజర్లోనే మీడియా రికార్డర్‌తో రికార్డు చేసిన వెబ్ఎం ఫైలుకు నిడివి ఇన్ఫినిటీ అని వస్తోంది, గీత పనిచేయట్లేదు అని. అవును, క్రోమ్‌లో అలా వస్తుంది. రికార్డు చేస్తూ చేస్తూ ముక్కలు ఇచ్చేస్తుంది కాబట్టి ఫైలు మొదట్లో నిడివి రాసే అవకాశం దానికి లేదు. కరెంట్‌టైమ్‌కు చాలా పెద్ద నంబరు ఇవ్వండి, బ్రౌజర్ చివరిదాకా వెళ్లి అసలు నిడివి కనుక్కుంటుంది. డ్యూరేషన్ ఛేంజ్ ఈవెంట్ వచ్చి నిడివి మామూలు నంబరు అయ్యాక తిరిగి సున్నాకి తెచ్చేయండి. సర్వర్‌కు పంపే ఫైలు అయితే అక్కడ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో ఒకసారి తిరగరాయించడం ఇంకా మంచిది.

ఈ చివరి ప్రశ్న చాలామందికి ఉంటుంది. యూట్యూబ్ వీడియో పేజీలో ఎంబెడ్ చేస్తే ఈ కోడ్ పనిచేస్తుందా? పనిచేయదు. అది ఐఫ్రేములో, అంటే మన పేజీ లోపలి ఇంకో పేజీలో, వేరే డొమైన్ నుంచి వస్తుంది, లోపలున్న వీడియో ట్యాగును మన జావాస్క్రిప్ట్ ముట్టుకోలేదు. వాళ్ల ఐఫ్రేమ్ ప్లేయర్ ఏపీఐ వాడాలి. ఎక్కడుందో తెలుసుకోవడానికి గెట్ కరెంట్ టైమ్, జరపడానికి సీక్ టూ. ఆ సీక్ టూకి రెండో విలువ ఒకటుంది, అలౌ సీక్ అహెడ్ అని. ఇంకా దిగని చోటి కోసం సర్వర్‌కు కొత్తగా అడగనివ్వాలా వద్దా అని చెప్పేది అది. గీత లాగుతున్నంతసేపూ ఫాల్స్ ఇవ్వండి, వేలు ఎత్తాక ట్రూ ఇవ్వండి.